బాడుగవాళ్ళు ఖాళీ చేశాక తాళంచెవుల టెన్షన్: మారుతాళానికి సులువుగా చిక్కని సిలిండర్ వేసుకోవడం ఎలా?

అనంతపురంలో మా తాళాల అంగడికి ఎక్కువమంది ఒకే ప్రశ్నతో వస్తారు. "అన్నా, బాడుగవాళ్ళు ఖాళీ చేసినారు, రెండు చెవులు ఇచ్చిపోయినారు. మూడోది చేయించుకున్నారో లేదో ఎట్ల తెలుస్తుంది?"

తెలియదమ్మా. తెలుసుకునే దారే లేదు.

మా బావమరిది ఇంట్లో జరిగింది చెబుతా. పాత బాడుగవాళ్ళు వెళ్ళిపోయి కొత్తవాళ్ళు దిగిన వారానికి, మధ్యాహ్నంపూట ఎవరో కుర్రాడు తలుపు తీసుకుని నేరుగా వంటింట్లోకి వచ్చేశాడు. కొత్తావిడ కేక పెట్టింది. వాడు ఆమెకంటే ఎక్కువ భయపడి "అక్కా, మా సిలిండర్ మర్చిపోయినాం, తీసుకుపోదామని వచ్చినా" అన్నాడు. గ్యాస్ సిలిండర్! దొంగ కాదు, పాత బాడుగాయన తమ్ముడు. ఇల్లు మారేటప్పుడు వాళ్ళకు గుర్తుండాల్సింది గ్యాస్ సిలిండర్, మాకు గుర్తుండాల్సింది తలుపు సిలిండర్, అంటే తాళంలో చెవి దూర్చి తిప్పే భాగం. ఇద్దరం మర్చిపోయాం.

ముందే ఒక మాట. నకలు తీయడానికి వీల్లేని చెవి అంటూ ఏదీ లేదు. మీకు తెలియకుండా నకలు తీయడం బాగా కష్టమయ్యే చెవి మాత్రం ఉంది. అంగడివాళ్ళు ఈ రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు, నమ్మకండి.

మారుతాళం చేసేవాళ్ళకు కావాల్సినవి రెండే. ఒకటి చెవి పళ్ళ ఆకారం, రెండోది కోయని ఖాళీ చెవి, అంటే బ్లాంక్. ఇప్పటికీ మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేది పిన్ తాళమే, అంటే చెవి పళ్ళు లోపలి చిన్న పిన్నులను లేపితే తెరుచుకునేది. 1861లో అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. దాని పళ్ళ ఆకారాన్ని దాచలేం. చెవి ఒక్క నిమిషం చేతిలో ఉన్నా చాలు, ఒక్కోసారి ఫోటో ఉన్నా చాలు. కాబట్టి కట్టడి చేయాల్సింది బ్లాంకును. హై సెక్యూరిటీ కంపెనీలు చేసేది అదే. చెవి ఆకారం మీద పేటెంట్ తీసుకుంటాయి, బ్లాంకులను బజారులోకి వదలవు, సిలిండర్‌తో ఇచ్చిన సెక్యూరిటీ కార్డు చూపిస్తేనే కొత్త చెవి కోసి ఇస్తాయి. ఇంతకుమించి సిద్ధాంతం అక్కర్లేదు.

కావాల్సినవి

స్టార్ స్క్రూడ్రైవర్, మిల్లీమీటర్లు కనిపించే స్కేలు, టార్చి, పాత చెవి ఒకటి, నోటుపుస్తకం, పెన్ను. కొత్త సిలిండర్ ముందే కొనకండి. దాన్ని నాలుగో అడుగులో కొంటారు. చాలామంది ముందు కొని తర్వాత కొలుస్తారు, మళ్ళీ మా అంగడికే వచ్చి "వాపసు తీసుకో అన్నా" అంటారు. ప్యాకెట్ విప్పాక ఏ అంగడివాడూ తీసుకోడు, తీసుకోకూడదు కూడా. కారణం ఐదో అడుగులో ఉంది.

1. ఎవరెవరి చేతుల్లో చెవి తిరిగిందో రాయండి

ఇల్లు కట్టినప్పటి నుంచి మొదలుపెట్టండి. వడ్లాయన, పెయింటరు, టైల్స్ వేసినవాళ్ళు, కరెంటాయన, పనమ్మాయి, పాత బాడుగవాళ్ళు, ఊరికి పోయినప్పుడు చెట్లకు నీళ్ళు పోయమని చెవి ఇచ్చిన పక్కింటివాళ్ళు. పేర్లన్నీ రాశాక చూస్తే చాలామందికి ఆశ్చర్యం వేస్తుంది. వీళ్ళెవరినీ అనుమానించమని కాదు. చెవి వాళ్ళ దగ్గర ఉన్నప్పుడు ఎక్కడ పెట్టారో, ఎవరు చూశారో వాళ్ళకే తెలియదు.

మీటరు బాక్సులో, తులసికోట వెనక, చెప్పుల స్టాండు కింద చెవి పెట్టే అలవాటు ఉంటే అదీ రాయండి. ఆ అలవాటు మానకుండా వేలు పోసి సిలిండర్ వేయించడం దండగ.

2. మీ తలుపుకున్నది ఏ రకం తాళమో చూడండి

తలుపు తెరిచి, దాని మందం వైపు ఉన్న ఇత్తడి లేదా స్టీలు పట్టీ చూడండి. చెవి రంధ్రానికి సరిగ్గా ఎదురుగా ఒక స్క్రూ ఉండి, ముందు నుంచి చూస్తే రంధ్రం పైన గుండ్రంగా, కింద సన్నగా ఉంటే అది యూరో ప్రొఫైల్ సిలిండర్. అదృష్టవంతులు, మొత్తం లాక్ మార్చక్కర్లేదు, సిలిండర్ ఒక్కటీ మారిస్తే చాలు.

తలుపు లోపలి వైపు డబ్బాలాగా బిగించి ఉంటే అది వేరే రకం. దానికి సరిపడే గుండ్రటి సిలిండర్లు వస్తాయి, పాతది ఊడదీసి అంగడికి తెచ్చి జత చూసుకోవాలి. పాత ఇళ్ళలో పొడుగాటి చెవి, దాని చివర జెండాలాంటి రేకు ఉండే లీవర్ తాళాలుంటాయి. వాటిలో సిలిండరే ఉండదు, లాక్ మొత్తం మార్చాల్సిందే.

గొళ్ళానికి బీగం వేసే తలుపైతే ముందు గొళ్ళెం చూడండి. స్క్రూలు బయటికి కనిపిస్తుంటే ఎంత ఖరీదైన బీగం వేసినా లాభం లేదు. తలుపు గుండా లోపలికి పోయి, లోపల నట్టుతో బిగుసుకునే బోల్టులు వేయించండి. ఆ తర్వాత బీగం గురించి ఆలోచించవచ్చు.

3. కొలత

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి, నాతో సహా. సిలిండర్ పొడవును ఒకే అంకెగా చెప్పకూడదు. తలుపు అంచున ఉన్న ఆ స్క్రూ మధ్య నుంచి బయటి చివరికి ఎంత, లోపలి చివరికి ఎంత అని రెండు కొలతలు విడివిడిగా తీసుకోవాలి. ఉదాహరణకు బయటికి 30, లోపలికి 40. మొత్తం 70. "డెబ్బై మిల్లీమీటర్లది ఇవ్వన్నా" అంటే అంగడివాడు 35, 35 ఇస్తాడు. అదీ డెబ్బయ్యే. మీ తలుపుకు పనికిరాదు.

హ్యాండిల్ ప్లేటు మందం కూడా కలిపి కొలవాలి. ప్లేటు తీసేసి కొలిస్తే సిలిండర్ పొట్టిదై లోపలికి దిగిపోతుంది. ప్లేటు మీద నుంచి సిలిండర్ బయటికి రెండు, మూడు మిల్లీమీటర్లకు మించి పొడుచుకు రాకూడదు. పొడుచుకొచ్చిన సిలిండర్‌ను పనిముట్లతో పట్టుకుని విరగ్గొట్టడం సులువు.

నేను కొత్తగా ఈ పని మొదలుపెట్టినప్పుడు సాయినగర్‌లో ఒక ఇంటికి అరసెంటీమీటరు ఎక్కువ ఉన్నది బిగించి వచ్చాను. ఇంటి పెద్దాయన ఏమీ అనలేదు, దాని మీద వేలు పెట్టి "ఇది బయటికి చూస్తా ఉంది నాయనా" అన్నాడు అంతే. మరుసటి రోజు నా డబ్బులతో మార్చాను. అప్పటి నుంచి రెండుసార్లు కొలిచి, రాసుకుని, మళ్ళీ మూడోసారి కొలుస్తాను.

4. అంగడిలో అడగాల్సినవి

ముందుగా "కంప్యూటర్ కీ" అనే మాట గురించి. చెవి మీద పళ్ళ బదులు చిన్న చిన్న గుంటలుంటే మన దగ్గర దాన్ని కంప్యూటర్ కీ అంటారు. "కంప్యూటర్ కీ సార్, డూప్లికేట్ రాదు" అన్న మాట వినని కస్టమర్ ఉండడు. గుంటల చెవిని రోడ్డు పక్కన ఆకురాయితో చేయడం కష్టం, నిజమే. కానీ ఆ గుంటలు కోసే మెషిన్లు ఎప్పుడో వచ్చేశాయి, మామూలు గుంటల చెవులకు బ్లాంకులూ దొరుకుతాయి. ఇక్కడ కాకపోతే బెంగళూరులో చేసిస్తారు, అదేమన్నా దూరమా! కాబట్టి గుంటలు చూసి మురిసిపోకుండా ఇవి అడగండి:

దీనికి సెక్యూరిటీ కార్డు వస్తుందా? కార్డు లేకుండా కొత్త చెవి అడిగితే కంపెనీ ఇస్తుందా? ఈ రెండో ప్రశ్నకు అంగడివాడు "నేను చేయించి ఇస్తాలే సార్" అంటే దండం పెట్టి బయటికి రండి. మీకు చేయించేవాడు ఇంకొకరికీ చేయిస్తాడు.

చెవి మీద పేటెంట్ ఇంకా అమల్లో ఉందా, ఎప్పటివరకు? మన దేశంలో పేటెంట్ దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ళు ఉంటుంది. గడువు తీరాక ఆ బ్లాంకును ఎవరైనా తయారుచేయవచ్చు. పాత మోడల్ సగం ధరకు వస్తుందంటే చాలాసార్లు కారణం ఇదే.

చెవిలో కదిలే భాగం ఏదైనా ఉందా? కొన్ని చెవుల మీద చిన్న పిన్నో గోళీనో వేలితో నొక్కితే కదులుతుంది. ఇజ్రాయెల్ మల్టీలాక్ కంపెనీ ఇంటరాక్టివ్ రకం ఇలాంటిదే. మామూలు మెషిన్ మీద ఆకారం కోసినా ఆ కదిలే ముక్క రాదు కాబట్టి నకలు పనిచేయదు. ఫిన్లాండ్ అబ్లాయ్ దారి వేరు, వాళ్ళు పిన్నుల బదులు తిరిగే బిళ్ళలు వాడతారు. ఇలాంటివి మన ఊరి అంగళ్ళలో అల్మారాలో ఉండవు, ఆర్డరు పెట్టి తెప్పించుకోవాలి.

ప్యాకెట్ మీద ఈఎన్ 1303 అని యూరప్ ప్రమాణం ఉంటే, దాని పక్కన ఎనిమిది స్థానాల కోడ్ ఉంటుంది. అందులో ఏడో అంకె చెవికి సంబంధించినది, 6 అయితే అన్నిటికంటే పైది. ఎనిమిదోది పగలగొట్టే ప్రయత్నాలకు ఎంత తట్టుకుంటుందో చెబుతుంది, అక్కడ సున్నా ఉంటే వదిలేయండి.

రెండువైపులా చెవి కావాలా, లోపలి వైపు తిప్పే నాబ్ కావాలా? నా ఓటు నాబ్‌కే. రాత్రి పొగో మంటో వస్తే చీకట్లో చెవి వెతుక్కోవాల్సిన పని ఉండకూడదు, పెద్దవాళ్ళున్న ఇంట్లో అసలు ఉండకూడదు. తలుపు పక్కనే చెయ్యి పట్టేంత కిటికీ ఉండి, గ్రిల్ లేకపోతే మాత్రం ఆలోచించాలి. అప్పుడు కూడా ముందు గ్రిల్ వేయించుకోమనే అంటాను. రెండువైపులా చెవి ఉన్నదే తీసుకుంటే ఒకటి అడగండి: లోపల చెవి వదిలేసినా బయటి నుంచి తెరుచుకుంటుందా? తెరుచుకోని రకాలు చాలా ఉన్నాయి. అవ్వ లోపల చెవి పెట్టి నిద్రపోతే ఇంటిల్లిపాదీ వీధిలో నిలబడాలి.

చెవి మీద "నకలు తీయరాదు" అని చెక్కించి ఇస్తామంటే డబ్బులు పెట్టకండి. అవి అక్షరాలు మాత్రమే. బ్లాంకు ఉన్నవాడి చేతిని అవి ఆపవు.

5. ప్యాకెట్ మీరే విప్పండి

ఫిట్టర్ విప్పకూడదు, అంగడివాడు విప్పకూడదు. సీలు చూడండి, చెవులు లెక్కపెట్టండి, పెట్టె మీద రాసిన సంఖ్యతో సరిపోయిందో చూడండి. కార్డు కవరు తెరిచి ఉంటే తీసుకోకండి. ఆన్‌లైన్‌లో కొంటే మరీ జాగ్రత్త, ఎవరో వాపసు పంపింది మీ ఇంటికి రావచ్చు.

చెవులకు కట్టిన చీటీ మీదో, చెవి మీదో నంబరు ఉంటుంది. చీటీ తీసి కార్డుతో పాటు దాచండి. కార్డును ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోవద్దు. "పోతుందేమో అని తీసినా అన్నా" అంటారు. ఫోన్ ఎన్ని చేతుల్లోకి పోతుందో ఆలోచించండి.

ఫోటో అంటే గుర్తొచ్చింది. గృహప్రవేశం రోజు భార్యాభర్తలు చెవి పట్టుకుని నవ్వుతూ ఫోటో దిగి వాట్సాప్ స్టేటస్ పెడతారు. 2008లో అమెరికాలో శాన్‌డియెగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు దాదాపు 200 అడుగుల దూరం నుంచి తీసిన ఫోటోతోనే చెవి పళ్ళ కొలతలు రాబట్టి చూపించారు. మీ ఫోటో రెండడుగుల దూరం నుంచి తీసింది. ముచ్చటగా దిగండి, కానీ చెవిని గుప్పిట్లో పెట్టుకోండి.

6. బిగించడం

తలుపు తెరిచే ఉంచండి. పని అయ్యేదాకా మూయకండి, గాలికి మూసుకోకుండా ఏదైనా అడ్డం పెట్టండి.

అంచున ఉన్న పొడవాటి స్క్రూ పూర్తిగా తీసేయండి. పాత చెవి పెట్టి, గడియారం ముల్లు పన్నెండు నుంచి ఒంటిగంటకు పోయినంత తిప్పండి. తిప్పుతూ రెండో చేత్తో సిలిండర్‌ను మెల్లగా తోయండి. మధ్యలో ఉండే నాలుక, అంటే చెవితో పాటు తిరిగే చిన్న ముక్క, సిలిండర్ ఒంట్లోకి సరిపోయిన చోట అది దానంతటదే జారి వస్తుంది. రాకపోతే రెండో పక్కకు తిప్పి చూడండి. సుత్తి జోలికి పోకండి. పాత చెవి అసలు లేకపోతే ఈ పని మీది కాదు, తెలిసినాయన్ని పిలవండి.

కొత్తది కూడా అలాగే, నాలుకను ఒంటితో సమానం చేసి దూర్చండి. బయటి వైపు కొలత బయటికే ఉందా అని మరోసారి చూడండి. స్క్రూ చేత్తో తిరిగినంత తిప్పి, చెవి తిరుగుతోందో లేదో చూసి, అప్పుడు స్క్రూడ్రైవర్‌తో బిగించండి. బలమంతా పెట్టి బిగిస్తే సిలిండర్ పక్కకు లాగుకుని చెవి పట్టేస్తుంది. బిగుతు చేశాక చెవి గట్టిగా తిరిగితే స్క్రూను పావు చుట్టు వదులు చేయండి. చాలాసార్లు అక్కడితో సరిపోతుంది.

7. సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

తలుపు తెరిచి ఉండగానే ప్రతి చెవినీ, ప్రతి వైపు నుంచీ పదిసార్లు తిప్పండి. ఒక్క చెవితో చూసి సరే అనుకోవద్దు. మూడో చెవి పట్టేస్తుందని ఆరునెలల తర్వాత తెలిస్తే ఎవరిని అడుగుతారు?

తర్వాత తలుపు మూసి చూడండి, చేతిలో రెండో చెవి పెట్టుకుని, ఇంకొకరిని లోపల ఉంచి. తెరిచినప్పుడు మెత్తగా, మూసినప్పుడు గట్టిగా తిరిగితే తప్పు సిలిండర్‌ది కాదు. తలుపు దిగింది, లేదా ఫ్రేములోని రంధ్రానికి గడియ సరిగ్గా ఎదురవడం లేదు. వానాకాలంలో చెక్క ఉబ్బినా ఇంతే. వడ్లాయన పని అది.

ఇక అసలు పరీక్ష. కొత్త చెవి ఒకటి తీసుకుని చెవులు చేసేవాళ్ళు ఇద్దరు ముగ్గురి దగ్గరికి పోయి "దీనికి బ్లాంక్ ఉందా అన్నా?" అని అడగండి. చెవి మీ చేతిలోనే ఉండాలి. "లేదు సార్, ఇది కంపెనీకి పోవాల" అంటే మీ డబ్బు సార్థకం. పెట్టెలో చెయ్యి పెట్టి ఒక బ్లాంకు తీసి మీ చెవి పక్కన పెట్టి చూశాడంటే, మీరు హై సెక్యూరిటీ పేరుతో మామూలుది కొన్నారు. ఈ విషయంలో చెవులు చేసేవాళ్ళ మాట నాలాంటి అమ్మేవాళ్ళ మాట కంటే నమ్మదగినది. మాకు అమ్ముకోవాలని ఉంటుంది, వాళ్ళకు ఆ గరజు లేదు.

8. తర్వాత రోజుల్లో

నోటుపుస్తకంలో ఒక పేజీ: ఏ చెవి ఎవరికి, ఏ తేదీన ఇచ్చారు, ఎప్పుడు వాపసు వచ్చింది. చెవుల మీద చిన్న చుక్కలు పెట్టి గుర్తుపట్టండి, ఇంటి నంబరు మాత్రం రాయకండి. కార్డు చెవుల గుత్తితో కాకుండా బీరువాలో ఉండాలి. కంపెనీ నుంచి కొత్త చెవి రావడానికి రోజులు పడుతుంది కాబట్టి అవసరమైనన్ని మొదట్లోనే చేయించుకోవడం మేలు.

మన గాలికి దుమ్ము ఎక్కువ. చెవి గట్టిగా తిరుగుతోందని కొబ్బరినూనె పోస్తారు. రెండు రోజులు బాగుంటుంది, తర్వాత దుమ్ము పట్టి లోపల ముద్ద కడుతుంది. పిన్ను రకానికి పెన్సిల్ ముల్లు పొడి చెవికి రాసి నాలుగుసార్లు తిప్పితే చాలు. ఖరీదైన రకాలకు కంపెనీ కాగితంలో ఏది రాసి ఉంటే అదే వాడండి. నూనె ఒకసారి పోసిన దాంట్లో పొడి కలపకండి.

అంత డబ్బు పెట్టలేకపోతే

మామూలు సిలిండర్ వందల్లో వస్తుంది, హై సెక్యూరిటీది వేలల్లో. బాడుగకిచ్చే ప్రతి పోర్షన్‌కూ వేలు పెట్టమని నేను చెప్పను. ఇంకో దారి ఉంది: ఒకే కొలతవి రెండు మామూలు సిలిండర్లు పెట్టుకోండి, బాడుగవాళ్ళు మారినప్పుడల్లా మార్చండి. పదినిమిషాల పని. పక్క పోర్షన్‌లో వాళ్ళు ఇంకా ఉండగా వాళ్ళ తలుపుది తీసి వీళ్ళకు వేస్తే మాత్రం పని మొదటికొస్తుంది, అలా చేసినవాళ్ళనూ చూశాను.

కొత్తగా కట్టే ఇంటికైతే పనివాళ్ళ చెవి, యజమాని చెవి వేరుగా ఉండే సిలిండర్లు దొరుకుతాయి. యజమాని చెవి ఒకసారి పెట్టి తిప్పాక పనివాళ్ళ చెవి ఇక పనిచేయదు. ఇల్లు అప్పగించేదాకా యజమాని చెవుల కవరు విప్పకుండా ఉంచాలి.

వేలిముద్ర లాక్ పెట్టుకుంటామంటే పెట్టుకోండి, కానీ దాని కింద మూత తీసి చూడండి. బ్యాటరీ అయిపోతే వాడటానికి చాలావాటికి ఒక చెవి రంధ్రం ఉంటుంది. ఆ చెవి మామూలు రకమైతే ముందు తలుపు ఖరీదైనది, వెనక తలుపు తెరిచిపెట్టినట్టు.

మీరే బాడుగకుంటే ఇంటాయనకు చెప్పి మార్చుకోండి. చెప్పకుండా మారిస్తే గొడవ. పాత సిలిండర్, దాని చెవులు ఒక డబ్బాలో వేసి మీద తేదీ రాసి పెట్టండి. ఖాళీ చేసేటప్పుడు అది బిగించి, మీది తీసుకుని పోవచ్చు. సొంతిల్లయినా పాతది పారేయకండి, మేడ మీద గదికి వస్తుంది.